మేం వెళ్ళిపోయేవాళ్ళమే, అయినా

దసరా సెలవుల్లో ఒక సాయంత్రం మా ఓనర్ ఆంటీ షేడ్ కార్డు పట్టుకుని మేడమీదికి వచ్చారు. దీపావళిలోపు ఇంటికి బయట రంగు వేయించాలట. "పైవాటాలో ఉండేది మీరే కదా, మీరు కూడా ఒక మాట చెప్పండి" అని అమ్మానాన్నల్ని అడిగారు. నాన్న కార్డు తెరవకుండానే నవ్వి, "మీ ఇష్టం ఆంటీజీ. మాదేముంది, రేపో మాపో ట్రాన్స్‌ఫర్ వస్తే వెళ్ళిపోయేవాళ్ళమే" అన్నారు. ఆంటీ కూడా నవ్వి, టీ తాగి, కార్డు అక్కడే టీపాయ్ మీద మరిచిపోయి కిందికి వెళ్ళారు.

నాన్న అన్నది మర్యాద మాటే. మన ఇళ్ళల్లో మీరందరూ కూడా విని ఉంటారు. పెరట్లో మామిడి మొక్క వేద్దామంటే, "కాయలు కాసేసరికి మనముంటామా?" కాలనీ మీటింగ్‌కి వెళ్ళమంటే, "మనకెందుకు, మూడేళ్ళవాళ్ళం." నేనూ చాలాసార్లు అన్నాను. కానీ ఆ రోజు ఆ మాట నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు మేముండే చోటు సంగతి. మాది తెలీబంధా. రాయ్‌పూర్‌లో దీన్ని తెలియనివాళ్ళు ఉండరు. చెరువు, చెరువు చుట్టూ మెరైన్ డ్రైవ్, పక్కనే జీఈ రోడ్డు. ఒకప్పుడు ఇక్కడినుంచి ధమ్‌తరీ వైపు నారోగేజ్ రైలు నడిచేదట. రాయ్‌పూర్ స్టేషన్‌కీ దీనికీ మధ్య ఆ పట్టాలున్న దారిలో ఇప్పుడు ఎక్స్‌ప్రెస్‌వే ఉంది. నాన్నకి ఇక్కడికి పోస్టింగ్ వచ్చినప్పుడు క్వార్టర్ ఖాళీ లేదు. అందుకని చెరువుకి నాలుగు సందుల అవతల ఈ అద్దె ఇంటి పైవాటాలో చేరాం. మా పైన డాబా, డాబా పైన ఎండ.

నాకు పదహారేళ్ళు. ఇది నా అయిదో ఇల్లు. మొదటి నాలుగూ క్వార్టర్సే. నాలుగు ఊళ్ళల్లో నాలుగూ ఒకేలాంటి లేత పసుపు గోడలు, కిటికీ సజ్జాల చుట్టూ ఇటుక రంగు పట్టీ. విశాఖలో ఉన్నప్పుడు మా తమ్ముడు ఒకటో తరగతి. ఒకరోజు బస్సు దిగి పక్క బ్లాకెక్కి, అదే అంతస్తులో, అదే నంబరు తలుపు కొట్టాడు. లోపలినుంచి వచ్చినావిడ వాడికి బూందీ పెట్టి, చెయ్యి పట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చారు. ఆ తర్వాత అమ్మ మా బాల్కనీ కమ్మీకి ఒక ఎర్ర రిబ్బను కట్టింది. ఆ బ్లాకులో మా ఇంటికంటూ ఉన్న రంగు అదొక్కటే.

క్వార్టర్‌కి రంగు ఎవరు ఎంచుతారో నాకెప్పుడూ తెలియలేదు. వంతు వచ్చినప్పుడు మనుషులు వస్తారు, వెదురు పరంజా కడతారు, పాత రంగు మీద అదే రంగు వేసి వెళ్తారు. అందుకే ఆంటీ అడిగిన ప్రశ్న మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడగనిది. మొదటిసారి అడిగితే "మీ ఇష్టం" అనేశాం.

అందరికీ ఒకే రంగు వేయడం తప్పని నేననడం లేదు. జైపూర్ పాతబస్తీ అంతా గులాబీ రంగే. 1876లో వేల్స్ యువరాజు వస్తున్నాడని మహారాజు రామ్‌సింగ్ ఊరంతటికీ ఆ రంగు వేయించాడని చెప్తారు. ఏ ఇంటివాళ్ళనీ అడిగి ఉండరు. అయినా ఆ రంగుతోనే ఆ ఊరికి పేరొచ్చింది. అక్కడివాళ్ళు దాన్ని మా రంగు అంటారు. మన క్వార్టర్ల పసుపుని మా రంగు అని ఎవరన్నా అనగా నేను వినలేదు. రంగుల్లో తేడా ఏమీ లేదు. వాళ్ళు తరతరాలుగా అక్కడే ఉన్నారు, మనం ఉండం. అంతే.

సరే, ఆంటీ మరిచిపోయిన కార్డు. రెండు రోజులు అది మా టీపాయ్ మీదే ఉంది. అందులో ఒక ముదురు బూడిద రంగు మీద పెన్సిల్‌తో టిక్కు కనిపించింది. పుణెలో ఉద్యోగం చేసే వాళ్ళబ్బాయి ఫోన్లో ఫోటోలు పంపాడట. ఈమధ్య కొత్త ఇళ్ళన్నీ అలాగే వస్తున్నాయి: ముదురు బూడిద గోడ, మధ్యలో కర్రలా కనిపించే పట్టీ, మూలన రెండు లైట్లు. ఫోటోలో బాగుంటుంది. ఆ ఫోటో సాయంత్రం ఆరింటికి తీస్తారు.

రాయ్‌పూర్‌లో మే నెల మధ్యాహ్నం రెండింటికి ఎవరూ ఫోటో తీయరు. అప్పుడు 44, 45 డిగ్రీలుంటుంది. ముదురు రంగు మీద పడ్డ ఎండలో ఎక్కువ భాగాన్ని ఆ గోడ మింగేస్తుంది, తెలుపు ఎక్కువ భాగాన్ని వెనక్కి పంపేస్తుంది. దీనికి పెద్ద ప్రయోగం అక్కర్లేదు. మా గేటుకి ముదురు బూడిద రంగు, కాంపౌండు గోడకి పాత క్రీమ్ రంగు. ఎండాకాలంలో స్కూలునుంచి వచ్చి రెండింటి మీదా చెయ్యి పెట్టి చూడండి. ఇనుము, ఇటుక ఒకటి కాదని మా ఫిజిక్స్ సార్ అంటారు, నిజమే. అయితే పక్కింటివాళ్ళ గోడలో కిటికీ పైన నల్ల పట్టీ ఉంది, కింద తెలుపు ఉంది. అక్కడ రెండూ ఇటుకే, తేడా మాత్రం చేతికి బాగానే తెలుస్తుంది.

ఇటుక గోడ పగలు మింగిన వేడిని రాత్రి లోపలికి వదులుతుంది. ఈ ఇంటి పడమటి గోడకి అవతల ఎండ, ఇవతల మా తమ్ముడి మంచం. పుణెలో ఉన్న అన్నయ్యకి ఆ గోడ ఫోటోలోనే కనిపిస్తుంది. కింద ఉండే ఆంటీకి చల్లగానే ఉంటుంది, ఎందుకంటే ఆవిడ పైన మేమున్నాం. మరి "మీ ఇష్టం" అనడానికి నాన్నకి ఎలా మనసొప్పిందో!

ఇదే మాట అంటే నాన్న, "డబ్బు పెట్టేది వాళ్ళు, ఇల్లు వాళ్ళది. అద్దెకున్నవాళ్ళు రంగుల దాకా వెళ్ళకూడదు" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. చివరి మాట వాళ్ళదే, అడగకపోతే మనం నోరెత్తకూడదు. కానీ వాళ్ళు అడిగారు. అడిగినవాళ్ళకి ఆలోచించి జవాబు చెప్పాలి కదా. ఆంటీ మా మీద గౌరవంతో అడిగితే మేం మర్యాద పేరుతో తప్పించుకున్నాం.

అమ్మ వేరే మాట అంది. "ఇప్పుడు అమ్మే బయటి పెయింట్లకి అయిదేళ్ళు, ఏడేళ్ళు, పదేళ్ళు గ్యారంటీ అంటున్నారు. మనముండేది ఇంకో ఏడాదో రెండేళ్ళో. మనం పోయాక కూడా ఆ రంగు ఉంటుంది." అమ్మ చెప్పింది మాట్లాడకుండా ఉండడానికి. నాకు మాత్రం అదే మాట్లాడడానికి కారణంగా తోచింది. మా తర్వాత ఈ పైవాటాలోకి ఎవరొస్తారు? ఈ వీధిలో అద్దెకుండేవాళ్ళు ఎక్కువగా బ్యాంకువాళ్ళు, రైల్వేవాళ్ళు, ఆఫీసులవాళ్ళు. అంటే మనవాళ్ళే. క్వార్టర్ దొరక్క, ఏప్రిల్ నెలలో, సరిగ్గా ఎండలు ముదిరే వేళకి లారీలో సామాను వేసుకుని వస్తారు. వాళ్ళని ఎవరూ ఏ రంగు కావాలని అడగరు, రంగు అప్పటికే వేసేసి ఉంటుంది. ఇంకో తమ్ముడెవడో అదే పడమటి గోడ పక్కన పడుకుంటాడు. వాడి తరఫున ఇప్పుడు చెప్పగలిగింది మేం ఒక్కళ్ళమే.

అందుకని నేను కాస్త చదివాను, కాస్త తిరిగాను.

మొదట తెలుపు అనుకున్నాను. మన ఊళ్ళల్లో సంక్రాంతికి ఇళ్ళకి వెల్ల వేయడం మీకు తెలిసే ఉంటుంది. ఇక్కడ హిందీలో దాన్ని పుతాయి అంటారు, దీపావళికి వేస్తారు. పదో తరగతి సైన్సు మొదటి పాఠంలో ఈ సున్నం కథ ఉంది, గుర్తుందా? సున్నపురాయిని భట్టీలో 900 డిగ్రీల దగ్గర కాలిస్తే పొడి సున్నం వస్తుంది. దాన్ని నీళ్ళల్లో వేస్తే కుతకుత ఉడుకుతుంది. ఆ తడి సున్నాన్ని గోడకి పూస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి రెండు మూడు రోజుల్లో మళ్ళీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది. వెల్ల వేసిన మూడో నాడు గోడకి వచ్చే మెరుపు అదే. అంటే ఒక రాయిని కాల్చి, నీళ్ళల్లో కలిపి, గోడ మీద పల్చగా పరిచి, తిరిగి రాయిని చేస్తున్నాం. పరీక్షలో సమీకరణం రాసినప్పుడు నాకిది తట్టలేదు. ఆ సున్నపురాయి ఛత్తీస్‌గఢ్‌లో దండిగా ఉంది, బలౌదాబజార్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలన్నీ దాని కోసం వచ్చినవే.

సెలవులకి మేం రాయ్‌పూర్‌లో విశాఖ వైపు వెళ్ళే రైలెక్కి అమ్మమ్మగారి ఊరు వెళ్తాం. మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా పార్వతీపురం, బొబ్బిలి. మీలో చాలామంది ఆ దారినే వెళ్తారు. ఈసారి ఫోన్ పక్కన పెట్టి కిటికీలోంచి ఇళ్ళ గోడలు చూడండి. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో గోడలు తెల్లమట్టి పూసినవి. దాన్ని ఛుహీ అంటారు. కొన్నిటికి నీలిమందు కలిపిన లేత నీలం. పండగ ముందు ఆడవాళ్ళే పూస్తారు, వాళ్ళకి దీపావళి అంటే దేవారీ. బొబ్బిలి దాటాక మా అమ్మమ్మ ఊళ్ళో పాత ఇళ్ళ అరుగులు ఎర్రమన్ను పూసి, అంచుకి సున్నపు గీతలు గీసి ఉంటాయి. ఏ ఊరి గోడ మీద ఆ ఊరి మట్టి. దుకాణానికి వెళ్ళి కార్డు చూసి ఎంచుకున్న రంగులు కావవి, అయినా ఎక్కడా ఎబ్బెట్టుగా కనిపించవు.

అమ్మమ్మని అడిగితే ఇంకో సంగతి చెప్పింది. "మాకు రంగు ఎంచడం ఒక పనేంటే? ఏడాదికోసారి ఎలాగూ వేస్తాం. ఈసారి నీలిమందు ఎక్కువైందనుకో, పై ఏడు తగ్గిస్తాం." ఇక్కడే మన కష్టం ఉంది. సున్నం వానకి కారిపోతుంది, అందుకే ఏటా మనసు మార్చుకోవచ్చు. ఇప్పటి పెయింట్ ఏడేళ్ళు నిలుస్తుందని కొంటాం, నచ్చకపోయినా ఏడేళ్ళు నిలుస్తుంది.

మళ్ళీ తెలుపు దగ్గరికి వస్తాను. మా సందులో రెండేళ్ళ కింద తెల్లరంగు వేసిన ఇల్లొకటి ఉంది. దాన్ని చూస్తే నా ఉత్సాహం తగ్గిపోయింది. రాయ్‌పూర్‌కి ఉత్తరాన ఉరలా, సిల్తరాల్లో స్పాంజ్ ఐరన్, స్టీలు ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. వాటి నల్లటి ధూళి, రోడ్ల మీది మట్టి కలిసి కిటికీ సజ్జా మూలలనుంచి కన్నీటి చారల్లా దిగాయి. ఉత్తరపు గోడకి ఎండ సరిగా తగలదు కాబట్టి నాలుగు నెలల వానకి నాచు పట్టి నల్లబడింది. వేడికి తెలుపు కావాలి, ధూళికి తెలుపు పనికిరాదు. ముదురు రంగు వేస్తే ధూళి కనపడదు గాని తమ్ముడు ఉడికిపోతాడు. రెండింటికీ మధ్య ఏముంది అని కార్డు తిరగేస్తే, తెలుపుకి కాస్త పసుపు, కాస్త మట్టి రంగు కలిసిన లేత ఛాయలు కనిపించాయి.

అంటే క్వార్టర్ల రంగు! నాలుగిళ్ళల్లో నేను విసుక్కున్న ఆ లేత పసుపుకి బుద్ధి ఉందని అప్పుడు తెలిసింది. ఎండని వెనక్కి కొడుతుంది, దుమ్ముని దాచుకుంటుంది, పాతబడినా అసహ్యంగా కనిపించదు. ఇంకో లాభం కూడా ఉంది. పసుపు మట్టి, ఎర్రమట్టి రంగులు ఇనుము ఖనిజాలనుంచి వస్తాయి. ఎండకి అవి తొందరగా వెలిసిపోవు. మెరిసే గులాబీలు, ఊదాలు చాలావరకు ఆ మాట నిలబెట్టుకోలేవు. మనల్ని అడగకుండా ఎంచినవాళ్ళు బాగానే ఎంచారు. అయినా అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అంటాను. అడిగి ఉంటే ఈ సంగతి నాకు పదేళ్ళప్పుడే తెలిసేది.

ఆదివారం కార్డు తిరిగి ఇవ్వడానికి నేనూ అమ్మా కిందికి వెళ్ళాం. బూడిద రంగు వద్దని నేను అనలేదు. "ఆంటీ, పడమటి గోడకి మాత్రం లేత రంగు వేయిస్తారా? ఆ గదిలో తమ్ముడు పడుకుంటాడు" అన్నాను. ఆంటీ కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నలభై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నా, పైన ఎంత వేడో నాకెవరూ చెప్పలేదు బేటా" అన్నారు. మాకంటే ముందు పైవాటాలో ఎన్ని కుటుంబాలున్నాయో లెక్కేశారు. అందరూ ట్రాన్స్‌ఫర్లవాళ్ళేనట. అందరూ మంచివాళ్ళేనట. ఎవరూ ఏమీ అడగలేదట.

అంకుల్ వాస్తు పుస్తకం తీశారు. ఏ దిక్కుకి ఏ రంగో అందులో రాసి ఉంది. అదృష్టవశాత్తూ మేం అడిగినదానికి అది అడ్డు రాలేదు. వచ్చి ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు, ఆయనతో వాదించే ధైర్యం నాకు లేదు.

పెయింటర్ భయ్యా వచ్చాక ఇంకో పాఠం. కార్డు మీద బొటనవేలంత చదరంలో బంగారు గోధుమలా ఉన్న రంగుని గోడ మీద మూరెడు మేర వేసేసరికి ఆవకాయలా కనిపించింది. చిన్న ముక్కలో మెత్తగా ఉన్న రంగు పెద్ద గోడ మీద గాఢంగా కనిపిస్తుందట, అందుకే కార్డులో నచ్చినదానికన్నా ఒకటి రెండు మెట్లు లేతది తీసుకోమన్నాడు. మూడు ఛాయలు చిన్న డబ్బాల్లో తెప్పించి తూర్పు గోడ మీదా, పడమటి గోడ మీదా పక్కపక్కన వేయించారు. రెండు రోజులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వెళ్ళి చూశాం. మధ్యాహ్నం మూడూ ఒకటే అనిపించాయి, సాయంత్రం ఒకటి గులాబీకి తిరిగింది. వీధిలోవాళ్ళు ఆగి ఓట్లేశారు. కూరగాయల బండి అతను గులాబీకి తిరిగిందే బాగుందన్నాడు. అతని ఓటు చెల్లదని తమ్ముడు. ఎందుకు చెల్లదు? బయటి గోడని ఇంట్లోవాళ్ళకన్నా ఎక్కువసార్లు చూసేది అతనే.

ఒక్క సంగతి మీకు పనికొస్తుంది. మీ ఊళ్ళో సొంత ఇల్లు కడుతుంటే, నాన్నగారు ఇక్కడినుంచి ఫోన్లో రంగు ఖాయం చేస్తుంటే, ఆపండి. ఫోన్ తెర వెలుగులో రంగు ఒకలా ఉంటుంది, మీ ఊరి ఎండలో ఇంకోలా ఉంటుంది. అక్కడ ఉండే తాతయ్యనో మామ్మనో గోడ మీద మూరెడు వేయించి చూసి చెప్పమనండి. ఆ ఇంట్లో రోజూ ఉండేది వాళ్ళు. ఈ విషయంలో మనం పుణె అన్నయ్యలమే.

డాబా సంగతి కూడా తేలింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చిందని, పైకప్పుల మీద ఎండని తిప్పికొట్టే తెల్లపూత వేయించమంటోందని నేను పేపర్లో చదివింది చెప్పాను. అక్కడ ఎండకి పనికొచ్చింది ఇక్కడి ఎండకి పనికిరాదా అని ఆంటీయే అంకుల్‌ని అడిగారు. డాబా మీద ధూళి పడ్డా వీధికి కనపడదు, చీపురుతో కడిగేయొచ్చు. కాబట్టి అక్కడ నిక్కచ్చిగా తెలుపే.

చివరికి మూడు వైపులా లేత గోధుమ రంగు, వీధి వైపు బాల్కనీ కింద వెడల్పాటి పట్టీ మాత్రం పుణె అన్నయ్య బూడిద రంగు. ఆ పట్టీ నాకిప్పటికీ నచ్చలేదు. అన్నయ్యకి ఫోటో పంపితే ఆయనకి మిగతా గోడ నచ్చలేదట. దీపావళికి రెండు రోజుల ముందు పరంజా విప్పారు. నాన్న ఆఫీసునుంచి వచ్చి, బండి దిగకుండా వీధిలోంచి కాసేపు చూసి, "మన క్వార్టర్‌లాగే ఉందే" అన్నారు.

మిగిలిన డబ్బా మూత మీద ఆంటీ షేడ్ నంబరు, నెల, సంవత్సరం మార్కర్‌తో రాసి మెట్ల కింద పెట్టారు. మా లారీ ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చేవాళ్ళకి చూపించమని, పడమటి గది గురించి కూడా చెప్పమని ఆంటీకి చెప్పి ఉంచాను.